వెనకవైపు ముడి లేని తువ్వాలు

పొల్టావా,
మే 5, 1997

చి. ల. సౌ. పరస్కాకు,

వదిన యెవ్దోకియా ఆశీస్సులు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు క్షేమమని నీ ఉత్తరం వల్ల తెలియలేదు, నువ్వు రాస్తే కదా. జిల్లా పత్రిక వల్ల తెలిసింది. మూడో పేజీ. మీ ఊరి సాంస్కృతిక భవనంలో ఈస్టర్ హస్తకళల ప్రదర్శన. తేనెపెట్టెలకు కప్పే బొంతలకు మొదటి బహుమతి. ఫొటోలో ఇటు నువ్వు, అటు మీ ఆయన ఒమెల్కో అన్నయ్య, మధ్యలో బొంత కప్పుకుని తేనెపెట్టె. ముగ్గురూ గర్వంగానే ఉన్నారు.

సంతోషించాను. నిజంగానే సంతోషించాను. ఒక్క ప్రశ్న మాత్రం ఉంది. న్యాయనిర్ణేతలు ఆ బొంతను తిరగేసి చూశారా? నీ కుట్టు వెనకవైపు ఎలా ఉంటుందో నాకు తెలుసు. నీ పెళ్ళైన ఏడు మా ఆయనకు, అంటే మీ అన్నయ్యకు, నువ్వు కుట్టిచ్చిన చొక్కా ఇంకా నా బీరువాలో ఉంది. లోపలివైపు ముళ్ళపందిలా ఉంటుంది. ఆయన అది వేసుకున్న రోజల్లా వీపు గోక్కునేవారు. చెల్లెలి ప్రేమ కదా అని పోయేదాకా నోరు మెదపలేదు, పాపం.

నా పనుల సంగతి. వంటగది కిటికీకి కొత్త తెరలు కుట్టాను, అంచుకు జాలీ కుట్టు వేశాను. మెట్ల మీద ఎదురైన పొరుగావిడ "ఎక్కడ కొన్నారండీ?" అని అడిగింది. అంతకు మించిన బహుమతి నాకు అక్కరలేదు. అలాంటివి పత్రికలో వేయరు, అంతే తేడా. టీ చల్లారకుండా కెటిల్‌కు తొడిగే టోపీ ఒకటి, కోడిపెట్ట ఆకారంలో, లోపల దూది పెట్టి కుట్టాను. సొలోమియాకు లేత నీలం జాకెట్టు కుట్టాను.

ఆ సొలోమియా పెళ్ళి అక్టోబరులో పొక్రోవా పండగ తరవాతి ఆదివారానికి ఖాయమైంది. పెళ్ళికొడుకు ఒరెస్త్ మీ ఊరివాడే కనుక నా మనవరాలి సంగతి నాకంటే ముందు నీకు తెలిసే ఉంటుంది; నీకంటే ముందు మీ పోస్టాఫీసు గ్లాఫీరాకు తెలిసి ఉంటుంది. అబ్బాయి మంచివాడు, పశువుల డాక్టరు. నెత్తిమీద ఒక కుచ్చు మాత్రం ఎంత దువ్వినా నిటారుగా లేచి నిలబడుతుంది. నేను స్వయంగా నీళ్ళతో తడిపి దువ్వాను. తరవాత చక్కెర నీళ్ళతో తడిపి దువ్వాను. లొంగలేదు.

అసలు మాట ఇది. సొలోమియా పుట్టిన రోజే అనుకున్నాను, పెళ్ళిలో అది మొగుడితో కలిసి కాళ్ళకింద పరుచుకుని నిలబడే తువ్వాలు నా చేత్తో కుట్టాలని. సంబంధం మాట్లాడటానికి వచ్చిన రోజు ఆ పిల్ల కూడా "తువ్వాలు మా నానమ్మే కుడుతుంది" అంది. దానికి ఒరెస్త్ నాయనమ్మ ఉస్తీనా, పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, "విధవరాలి చేతికుట్టు మీద కొత్తజంటని నిలబెడతామా తల్లీ? మొగుడున్న మనిషి కుట్టాలి. ఎవరూ లేకపోతే బజార్లో కొనేద్దాం" అంది. బజార్లో! మిషను కుట్టు, పైన జిగురుతో అంటించిన తళుకులు!

నేను ఇలాంటివి నమ్మను. నలభై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. కానీ నేను నమ్మకపోవడం సరైనదో కాదో మనవరాలి కాపురం మీద పరీక్షించి చూడలేను. సరేనన్నాను. అప్పటినుంచి ఆ మాట ఎత్తడం లేదు. నువ్వూ ఎత్తకు.

ఇట్లు,
నీ వదిన యెవ్దోకియా

తా.క. మా అత్తగారు, అంటే మీ అమ్మగారు, నేసిన నారబట్ట చుట్ట ఇంకా నీ పెట్టెలోనే ఉందా? కుట్టు వచ్చిన కోడలు నేను, బట్ట ఇచ్చింది కూతురికి. ఊరికే అడుగుతున్నాను. నలభై ఏళ్ళుగా ఊరికే అడుగుతున్నాను.


వెర్బివ్కా,
మే 14

పూజ్యులైన వదినగారికి,

మీ ఆడపడుచు పరస్కా నమస్కారాలు. మేమంతా బాగున్నాం. ఆవు బాగుంది, తేనెటీగలు బాగున్నాయి, మా ఆయన మోకాలొక్కటే మాట వినడం లేదు.

బొంత తిరగేసి చూశారా అని అడిగారు. చూడబోయారు వదినా. ఒకావిడ అంచు పట్టుకుని ఇలా ఎత్తిందో లేదో, పెట్టెలోంచి తేనెటీగలు బయటికొచ్చేశాయి. ప్రదర్శనకి ఖాళీ పెట్టె తీసుకురమ్మని మా ఆయనకి చెప్పడం మర్చిపోయాను. న్యాయనిర్ణేతలు ఒక్క పరుగున వీధిలోకి పోయి, అక్కడే నిలబడి, మొదటి బహుమతి మాకే అని కేకేశారు. లోపలికి రమ్మంటే రాలేదు.

ఈమధ్య కుట్టినవి చెప్తాను. మా ఆయన పాత ప్యాంట్లు కత్తిరించి దిండుగలీబులు చేశాను. జేబులు కుట్టు విప్పకుండా అలాగే ఉంచాను. ఒక జేబులో కళ్ళజోడు పెట్టుకుని పడుకుంటాడు, ఇంకో జేబులో నాకు తెలీకుండా చాక్లెట్లు. మన సొలోమియా చూసి "నాకూ ఒకటి కుట్టు నానమ్మా!" అని ఒకటే గొడవ. ఆ పిల్ల ఈమధ్య ప్రతి ఆదివారం మా ఇంటికే వస్తోంది. వరేనికీలు మీగడలో ముంచుకుని తింటుంది, ఒరెస్త్‌తో దూడల్ని చూసొస్తుంది. ఆ నీలం జాకెట్టు భలే నప్పింది. ఎవరు కుట్టారని అడిగితే "మా నానమ్మ" అంది. నా గురించే అనుకుని మా వీధి వీధంతా నన్ను మెచ్చుకుంది. నేనూ కాదనలేదు.

ఇంకోటి మొదలుపెట్టాను. ఏమిటో చెప్పను వదినా, చెప్పకూడనిది. గురువారం తొలికుట్టు వేశాను. అమ్మ నేసిన నారబట్టే. నడిమధ్య అతుకు లేకుండా ఒకటే ముక్క. వెనకవైపు ఒక్క ముడి కూడా పడకూడదు, ఇంకొకరి చెయ్యి తగలకూడదు. అడక్కండి.

ఇట్లు,
మీ పరస్కా

తా.క. గ్లాఫీరా మన ఉత్తరాలు ఆవిరి మీద తెరిచి చదివేస్తోంది. మీ కవరు మడత దగ్గర బీట్‌రూట్ మరక ఉంది. వంట చేస్తూ చదివినట్టుంది.


పొల్టావా,
మే 22

పరస్కాకు,

ఆశీస్సుల సంగతి తరవాత.

అత్తగారి నారబట్ట. ఒకటే ముక్క. వెనకవైపు ముడి ఉండకూడదు. ఇంకొకరి చెయ్యి తగలకూడదు. నాకు లెక్కలు వచ్చు పరస్కా. అది పెళ్ళి తువ్వాలు.

నాకు వద్దన్న పని నీకు ఇచ్చారు. ఎందుకు ఇచ్చారో కూడా తెలుసు. నీ భర్త బతికి ఉన్నాడు, నా భర్త లేడు. ఒమెల్కో అన్నయ్య బతికి ఉండటం నీ కుట్టు గొప్పతనం కాదు. అది తేనె గొప్పతనం.

ఇప్పుడు తెలిసింది, ఆదివారాలు ఆ పిల్ల ఎక్కడికి పోతోందో. దాని హాస్టలు నుంచి మా ఇంటికి ట్రాలీబస్సులో నాలుగు స్టాపులు. మీ ఊరికి బస్సులో గంటకు పైగా, అదీ గుంతల రోడ్డు. ఈస్టర్ తరవాత మా ఇంటికి ఒక్కసారి వచ్చింది, మర్చిపోయిన గొడుగు కోసం. నా చేత జాకెట్టు కుట్టించుకుని నీ ఇంటికి వేసుకొస్తుంది. నీ వీధంతా నిన్ను మెచ్చుకుంటుంది. నువ్వు కాదనవు.

ఇక్కడ వరేనికీలు లేవా? మీగడ లేదా? దూడలు లేవు, ఒప్పుకుంటాను.

నేను ఈ వారం ఏమీ కుట్టలేదు. కుట్టినవే విప్పాను. కోడిపెట్ట టోపీకి ఎడమ రెక్క పెద్దదైంది, విప్పేశాను. ఇంకేమైనా విప్పడానికి ఉందా అని బీరువా అంతా వెతికాను. నువ్వు కుట్టిన మీ అన్నయ్య చొక్కా కనిపించింది. విప్పుదామని కత్తెర తీసి, మళ్ళీ పెట్టేశాను.

నాకు ఒక్క మాట చెప్పు. కుడుతున్నావా, లేదా?

యెవ్దోకియా

తా.క. అసలు ముడి వేయకుండా దారం మొదలుపెట్టడం నీకు తెలుసా? దారాన్ని రెండుగా మడిచి, కొసలు రెండూ సూదిలోకి ఎక్కించి, మడతను వెనకవైపు ఉచ్చులా వదలాలి. తొలికుట్టు వేసి వెనక్కి వచ్చేటప్పుడు సూదిని ఆ ఉచ్చులోంచి లాగాలి. నీకు చెప్పాలని చెప్పలేదు. అత్తగారి బట్ట పాడవుతుందని చెప్పాను.


వెర్బివ్కా,
జూన్ 2

పూజ్యులైన వదినగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం గట్టిగా చదివి మా ఆయనకి వినిపించాను. "బతికుండటం కూడా తప్పేనా?" అని చెంచా కింద పెట్టేశాడు. ఆ పూట భోంచెయ్యలేదు. సాయంత్రం రెండు పూటలదీ కలిపి తిన్నాడనుకోండి.

చెప్పకూడదనుకున్నాను, మీరే చెప్పిస్తున్నారు. నేను కుట్టేది పెళ్ళికి కాదు. నా చివరి ప్రయాణానికి.

మా ఊళ్ళో నా ఈడు ఆడవాళ్ళందరి పెట్టెల్లోనూ మూట సిద్ధంగా ఉంది. జాకెట్టు, పావడా, తలగుడ్డ, శిలువకి కట్టే తువ్వాలు, అన్నీ మడత పెట్టుకుని, లావెండరు కొమ్మ కూడా పెట్టుకుని, ఎవరొచ్చినా తీసి చూపిస్తారు. నా పెట్టెలో ఏముంది? జేబుల దిండు. చావు మూటకి కూడా కుట్టులో ముడి పడకూడదని మీకు తెలీనిది కాదు, ముడి ఉంటే ఆత్మ చిక్కుకుపోతుందంటారు. పెళ్ళికీ చావుకీ ఒకటే కుట్టు వదినా. జవాబు సరిగ్గానే పట్టుకున్నారు, ప్రశ్నే వేరు.

ఎర్రదారంతో కుడుతున్నాను. నల్లదారం పెట్టుకోమని పక్కింటావిడ సలహా. నలుపు నాకు నప్పదు, మొహం పాలిపోయినట్టు కనిపిస్తుంది.

సొలోమియా తువ్వాలు ఒరెస్త్ వాళ్ళమ్మ బజార్లోనే బేరమాడి కొని పెట్టింది. తళుకులది. నేను చూశాను. గీరితే రాలుతున్నాయి.

ఇట్లు,
మీ పరస్కా

తా.క. జబ్బేమీ లేదు, కంగారు పడకండి. ఉంటే రాస్తాను. నేను రాయకపోయినా గ్లాఫీరా రాస్తుంది.

ఇంకో తా.క. ఉచ్చు పద్ధతి ప్రయత్నించాను. నా వేలే చిక్కుకుంది.


పొల్టావా,
జూన్ 11

ప్రియమైన పరస్కాకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అక్షరదోషాలు దిద్దకుండా చదివాను. నాకు ఎంత బాధ కలిగిందో దీన్నిబట్టి తెలుసుకో.

తొందరపడి మాట అన్నాను. క్షమించు. ఒమెల్కో అన్నయ్యతో చెప్పు, ఆయన బతికి ఉండటంలో తప్పేమీ లేదని, అలాగే కొనసాగించమని.

ఇప్పుడు రెండో విషయం. నేను నీకంటే నాలుగేళ్ళు పెద్దదాన్ని. వరస అంటూ ఒకటుంది. ముందు నేను పోవాలి, నువ్వు బస్సెక్కి వచ్చి ఏడవాలి. చిన్నదాని మూట సిద్ధమై పెద్దదాని మూట సిద్ధం కాకపోవడం ఏమిటి? నలుగురూ ఏమనుకుంటారు? పరస్కా ముందుచూపు మనిషి, యెవ్దోకియాకు పట్టింపు లేదు అనుకోరా? బొంతకు బహుమతి నీకే. బట్ట నీకే. మనవరాలి ఆదివారాలు నీకే. చావులో కూడా నువ్వే ముందుంటే నాకేం మిగిలింది?

కనుక నేనూ మొదలుపెట్టాను. జాకెట్టు, తెల్లబట్ట మీద తెల్లదారంతో. దుకాణంలో అమ్మాయి "ఏం శుభకార్యమండీ?" అని అడిగింది. "నా అంత్యక్రియలు" అన్నాను. దారపుచుట్ట చేతిలోంచి జారి బల్లకిందికి దొర్లిపోయింది. వంగి తీసుకుని, పైకి లేవడానికి చాలాసేపు పట్టింది ఆ అమ్మాయికి.

జాకెట్టు పూర్తయింది. వేసుకుని అద్దంలో చూసుకున్నాను. చాలా బాగుంది. కూర్చుంటే మాత్రం నడుం దగ్గర పట్టేస్తోంది. కూర్చోవలసిన అవసరం రాదు కనుక అలాగే వదిలేశాను.

ఇట్లు,
నీ వదిన

తా.క. నీ తువ్వాలు మీద ఏ బొమ్మ కుడుతున్నావు? నాది అంతకంటే బాగుండాలని అడగడం లేదు. బాగుంటుంది, అది వేరే విషయం.


వెర్బివ్కా,
జూలై 1

పూజ్యులైన వదినగారికి,

నమస్కారాలు. మీ జాకెట్టు సంగతి చదివి మా ఆయన "మీ వదిన చావుకి నన్ను కూడా పిలుస్తుందా?" అని అడిగాడు. పిలుస్తారు కదా?

నా తువ్వాలు నాశనమైపోయింది వదినా. సూదిలోకి దారం ఎక్కించేసరికే కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి. ముందువైపు ద్రాక్షతీగ అనుకుని కుట్టాను, వానపాములా ఉంది. వెనకవైపు సంగతి అడక్కండి. ముడులు వెయ్యలేదు, అవే పడ్డాయి. విప్పబోతే బట్ట చిరిగింది.

నాకు భయం దేనికో తెలుసా? పైకి వెళ్ళగానే ఎదురొచ్చేది మా అమ్మ. అమ్మ మొహం చూసి పలకరించే రకం కాదు. నేరుగా తువ్వాలు పట్టుకుని తిరగేస్తుంది. "ఇదేమిటే పరస్కా, మీ అన్నయ్య చొక్కా చాలదని ఇక్కడిక్కూడా ముళ్ళపందిని తెచ్చావా?" అంటుంది. పక్కనే అన్నయ్య వీపు గోక్కుంటూ నిలబడి ఉంటాడు. ఇక్కడ పరువు పోతే పక్క ఊరికి పోవచ్చు. అక్కడ పోతే ఎక్కడికి పోతాను?

అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. మీరే కుట్టి పెట్టండి. అమ్మకి మీ చెయ్యి తెలుసు. తిరగేసి చూసి కిక్కురుమనకుండా లోపలికి పంపిస్తుంది.

బట్ట బస్సు డ్రైవరు చేత పంపుతున్నాను, ఎర్రదారం కూడా. ద్రాక్షతీగ చాలు, ఇంకేమీ వద్దు. తొలికుట్టు మాత్రం గురువారం వెయ్యండి. ఎందుకని అడక్కండి, చావబోయేదాని కోరిక. పొక్రోవా పండగలోపు నా చేతికి రావాలి. శీతాకాలంలో నేల గడ్డకడితే తవ్వలేనని మా ఆయన ముందే చెప్పేశాడు, మోకాలు చూపిస్తూ.

ఇట్లు,
మీ పరస్కా

తా.క. తువ్వాలుకి పోను మిగిలిన నారబట్ట వెనక్కి పంపకండి. చుట్ట మొత్తం పంపుతున్నాను. నలభై ఏళ్ళు ఊరికే అడిగారు కదా.


పొల్టావా,
సెప్టెంబరు 25

చి. ల. సౌ. పరస్కాకు,

తువ్వాలు పంపుతున్నాను. ఉతికి, వెనకవైపు ఇస్త్రీ చేశాను. నువ్వు మళ్ళీ చేయకు, నీ ఇస్త్రీ పెట్టె నాకు తెలుసు. మిగిలిన ఎర్రదారం చుట్టి కాగితంలో పెట్టాను. నీది నీకు.

అత్తగారి బట్ట గురించి ఒక మాట. చుట్ట విప్పి బల్లమీద పరిస్తే గదంతా ఎండిన గడ్డి వాసన వచ్చింది. సూది దిగుతుంటే సన్నగా చప్పుడు వినిపిస్తుంది, ఇప్పటి బట్టల్లో ఆ చప్పుడు లేదు. అంచు దగ్గర ఒకచోట ఒక పోగు తప్పింది. ఆవిడ కూడా పోగు తప్పారు పరస్కా! నాకు మొదటి బహుమతి ఇచ్చినంత సంతోషం వేసింది. దాని మీద కుట్టు వేసి కప్పేయవచ్చు. కప్పలేదు. చూసుకున్నప్పుడల్లా బాగుంది.

ఇప్పుడు షరతులు. తువ్వాలును తిరగేసి చూడు. తిరగేసి చూసే అలవాటున్న వాళ్ళందరికీ చూపించు, ముఖ్యంగా ఉస్తీనాకు. పొక్రోవా తరవాతి ఆదివారం సొలోమియా పెళ్ళి ఉంది. ఆ వారం మన ఇంట్లో ఎవరూ చావడానికి వీల్లేదు. ఆ తరవాత కూడా తొందర పెట్టుకోకు.

సొలోమియా మొన్న వచ్చింది. గొడుగు మర్చిపోలేదు, ఊరికే వచ్చింది. బల్లమీద తువ్వాలు చూసి "ఎవరికి నానమ్మా?" అంది. "మీ పరస్కా నానమ్మ చావుకు" అన్నాను. పక్కగదిలోకి పరుగెత్తి తలుపు వేసుకుంది. ఏడుస్తోందనుకున్నాను.

నీ చావుకు ఈ తువ్వాలు, నా మనవరాలి పెళ్ళికి బజారు తళుకులు. నాకు నీ మీద అసూయగా ఉంది పరస్కా. రాసేశాను. కొట్టేయను.

ఇట్లు,
నీ వదిన యెవ్దోకియా

తా.క. జాగ్రత్తగా మడత పెట్టు. బొమ్మ మీద మడత పడకూడదు.


వెర్బివ్కా,
అక్టోబరు 4

పూజ్యులైన వదినగారికి,

సాష్టాంగ నమస్కారాలు. తిట్లు చివరిదాకా చదివాక మొదలుపెట్టండి.

నేను చావడం లేదు. చావు మూట అని రాసిన జూన్‌లో కూడా చావడం లేదు. నేను ఏ తువ్వాలూ మొదలుపెట్టలేదు, వానపాము లేదు, బట్ట చిరగలేదు. నా మూటలో ఇప్పటికీ జేబుల దిండే ఉంది.

సంబంధం మాట్లాడుకున్న మర్నాడు సొలోమియా నా దగ్గరికొచ్చి తేనెపెట్టెల వెనక కూర్చుని ఏడ్చింది. "నానమ్మ కుట్టిన తువ్వాలు కాకపోతే నేను ఉత్త నేలమీద నిలబడతా" అంది. ఉస్తీనా ఒప్పుకోదు, ఆవిడ ఒప్పుకోకుండా మీరు సూది పట్టరు. ఏం చేద్దామే అంటే ఆ పిల్లే అంది: "పెళ్ళికని తెలీకుండా కుట్టించాలి. బతిమాలితే నానమ్మ కదలదు. కాస్త కుళ్ళు పుట్టించావనుకో, పొల్టావా అంతా తువ్వాళ్ళు పరిచేస్తుంది." ఈ మాట దానిది వదినా, నాది కాదు. నాది మిగతా అంతా.

పార్సెల్ రాగానే విప్పి నేరుగా ఉస్తీనా ఇంటికి పట్టుకుపోయాను.

"మా వదిన నాకు చావు తువ్వాలు కుట్టి పంపింది, చూడు" అన్నాను.

తిరగేసింది. లోపలికెళ్ళి కళ్ళజోడు తెచ్చుకుని మళ్ళీ తిరగేసింది. గింజలు నమలడం ఆపేసింది. "ఇందులో ముందేది, వెనకేది?" అంది.

"నాకూ తెలీడం లేదు."

"మూటలో పెట్టేశావా?"

"ఎక్కడ? తిన్నగా నీ దగ్గరికే తెచ్చాను."

"అయితే ఇంకా చావుది కాలేదన్నమాట. నీ సొమ్మే." తువ్వాలు అంచు వేలితో తడిమింది. "ఆ బజారుదాని తళుకులు మా పిల్లి మీద అంటుకున్నాయే. పోవడం లేదు."

"ఉస్తీనమ్మా, ఇది నేను పెళ్ళికిస్తే?"

"మొగుడున్న మనిషివి. నీ సొమ్ము నువ్వు ఎవరికైనా ఇచ్చుకో, కాదనడానికి నేనెవర్ని? కానీ ఒక్కటి." వేలు చూపించింది. "కుట్టేటప్పుడు ఆవిడకి పెళ్ళి ధ్యాస ఉండకూడదు. తెలిసి కుడితే మాత్రం అది విధవ చేతి పెళ్ళి తువ్వాలే, నేను ముట్టుకోను. తెలుసా ఆవిడకి?"

"తెలీదు. ఒట్టు."

"అయితే మా కోడల్ని ఆ తళుకులది వెనక్కిచ్చి రమ్మను."

అదీ సంగతి. పెళ్ళిలో సొలోమియా నిలబడేది మీ తువ్వాలు మీదే.

కానీ వదినా, ఒకటి మాకు అంతుపట్టడం లేదు. మేం అడిగింది ద్రాక్షతీగ. తీగ ఉంది. తీగ మధ్యలో ఆ రెండు పక్షులేమిటి? ఎదురెదురుగా నిలబడి, ఒకే పండ్లగుత్తిని ముక్కులతో పట్టుకుని? చావు తువ్వాలు మీద జంటపక్షుల్ని ఎవరు కుడతారు? పైగా ఒక పక్షి నెత్తిమీద ఆ కుచ్చేమిటి? ఒరెస్త్ చూసి తన నెత్తి తడుముకున్నాడు. సొలోమియా నవ్వలేక కింద కూర్చుంది. ఉస్తీనా చూస్తున్నంతసేపూ నేను ఆ పక్షుల మీద అరచెయ్యి అడ్డం పెట్టాల్సొచ్చింది.

ఇట్లు,
మీ తిట్లకి ఎదురుచూస్తూ,
పరస్కా

తా.క. మీకు నిజంగా తెలీదు కదా?


పొల్టావా,
అక్టోబరు 9

చి. ల. సౌ. పరస్కాకు,

నిండు నూరేళ్ళు బతకమని ఆశీస్సులు. ఇంత మోసం చేశాక అంతకంటే తక్కువ బతకడానికి నీకు హక్కు లేదు.

నీ ఉత్తరం చదివి నివ్వెరపోయాను. (గ్లాఫీరా, ఈ ముక్క నిదానంగా చదువు, అవసరమైతే ఉస్తీనాకు వినిపించు.) నాకు ఏమీ తెలియదు. నేను ఆడపడుచు అంత్యక్రియలకు కుట్టాను. కుడుతున్నంతసేపూ నా మనసులో అంత్యక్రియలు తప్ప ఇంకేమీ లేవు.

తొలికుట్టు గురువారం వేయాలనే పట్టింపు పెళ్ళి తువ్వాళ్ళకే ఉందని, చావు మూటకు ఏ రోజైనా ఒకటేనని అత్తగారు అనేవారు. నువ్వు గురువారం అన్నావు, గురువారం వేశాను. ఎందుకని అడగలేదు. తరగతిలో ప్రతి పిల్లవాణ్ణీ నిలబెట్టి "ఎందుకు?" అని అడిగినదాన్ని, నిన్ను అడగలేదు. ముసలితనం, ఇంకేముంది?

నాకు కుళ్ళు అన్న సొలోమియాతో పెళ్ళయ్యాక మాట్లాడతాను. నాకు కుళ్ళు లేదు. నీ బొంతకు బహుమతి వచ్చిన విషయంలో ఉంది, అదొక్కటే.

పెళ్ళికి శనివారం బస్సులో వస్తున్నాను. తెల్లకుట్టు జాకెట్టు వేసుకుంటాను. నడుం దగ్గర విప్పి వదులు చేశాను. పెళ్ళిలో కూర్చోవాలి కదా. ఒమెల్కో అన్నయ్యకు చెప్పు, ఇప్పుడప్పుడే తవ్వే పనేమీ లేదని. గ్లాఫీరాకు జాలీ కుట్టు తెరలు ఒక జత విడిగా పంపుతున్నాను. ఊరికే.

అత్తగారి బట్ట ఇంకా కాస్త మిగిలింది. దానితో ఒకటి మొదలుపెట్టాను. ఏమిటో చెప్పను. అడగకు. ఈసారి నీకు కుళ్ళు పుట్టాలి.

ఇట్లు,
నీ వదిన యెవ్దోకియా

తా.క. పక్షి నెత్తిమీద కుచ్చా? నా కళ్ళకు కనిపించలేదు. కనిపించి ఉంటే తడిపి దువ్వేదాన్ని.